స్టైరీన్ పీల్చినవారికి ఏ పరీక్ష మేలు: ఊపిరా, రక్తమా, మూత్రమా?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర, ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవపు ఆవిరి ఊళ్ళోకి పాకింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల్లో చేరారు. ఇటువంటి ప్రమాదం నుంచి బయటపడిన కుటుంబాల్లో సహజంగా పుట్టే ప్రశ్న ఒకటుంది: పీల్చిన విషం ఇంకా ఒంట్లో ఉందా, ఉంటే ఎంత ఉంది? రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. పరిశ్రమల్లో పనిచేసే వైద్యులు, సేఫ్టీ ఆఫీసర్లు కూడా ఊపిరి పరీక్ష, రక్తపరీక్ష, మూత్రపరీక్షలను ఒకే విషయం చెప్పే మూడు దారులుగా భావించి, వాటిలో ఏది చవక, ఏది సులువు అన్న లెక్క మీద ఎంచుకోవడం కద్దు. ఆ మూడూ చెప్పేవి మూడు వేర్వేరు సంగతులు. అంతేకాక, వాటిలో ఏది పనికివస్తుందన్నది ప్రధానంగా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: ఆ మనిషి ఆ గాలిని పీల్చడం మానేసి ఎన్ని గంటలైంది?

స్టైరీన్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి విశాఖ ప్రమాదం ఒక్కటే కారణం కాదు. తీరప్రాంతంలో ఫైబర్ పడవలు తయారుచేసే షెడ్లలో, నీళ్ళ ట్యాంకులు, బస్సు భాగాలు అచ్చుపోసే చోట్ల వాడే పాలియెస్టర్ రెజిన్‌లో దాదాపు మూడో వంతు నుంచి సగానికి కొంచెం తక్కువ వరకూ స్టైరీనే ఉంటుంది. గ్లాస్ మ్యాట్ పరిచి, దాని మీద రెజిన్‌ను బ్రష్షుతో పూసి, రోలరుతో అదిమే మనిషి ముఖం ఆ మోల్డుకు ఒక మూరెడు దూరంలోనే ఉంటుంది. ప్రమాదాలు ఎప్పుడో ఒకసారి జరిగితే, ఈ పని రోజూ జరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ రసాయనం ఒకటే అయినా ఎంచుకోవలసిన పరీక్ష మాత్రం ఒకటి కాదు.

ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది

పీల్చిన స్టైరీన్‌లో సుమారు 60 నుంచి 70 శాతం ఊపిరితిత్తుల దగ్గరే రక్తంలో కలిసిపోతుంది, మిగిలినది ఆ ఊపిరితోనే వెనక్కి వచ్చేస్తుంది. 20 పీపీఎం (పదిలక్షల పాళ్ళ గాలిలో 20 పాళ్ళు) స్టైరీన్ ఉన్న గాలిలో, అంటే ఘనపు మీటరుకు సుమారు 85 మిల్లీగ్రాములున్న చోట, ఒక కార్మికుడు తేలికపాటి శ్రమ చేస్తూ నిమిషానికి 20 లీటర్ల గాలి పీలుస్తున్నాడనుకుంటే, 8 గంటల షిఫ్టులో అతని ఊపిరితిత్తుల్లోకి 800 మిల్లీగ్రాములకు పైగా వెళుతుంది, అందులో 500 మిల్లీగ్రాములకు పైగా ఒంట్లో నిలుస్తుంది. అదే గాలిలో కుర్చీలో కూర్చున్న సూపర్‌వైజరు పీల్చే గాలి ఇందులో మూడో వంతు. అందుకే గోడకు తగిలించిన మీటరు ఇద్దరికీ ఒకే అంకె చూపించినా వాళ్ళ ఒంట్లోకి చేరే మోతాదు ఒకటి కాదు. గాలిని కొలిచి ఊరుకోకుండా మనిషిని కొలవడానికి అసలు కారణం ఇదే.

రక్తంలోకి చేరిన స్టైరీన్‌ను కాలేయం మొదట స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. ఆ తర్వాత అది మాండెలిక్ ఆమ్లం, ఫీనైల్ గ్లయాక్సిలిక్ ఆమ్లం అనే రెండు పదార్థాలుగా మారి మూత్రంలోకి పోతుంది. మారకుండా ఊపిరి ద్వారా బయటికి వచ్చేది 3 శాతంలోపే. కొంత భాగం కొవ్వులో చేరి అక్కడినుంచి నెమ్మదిగా తిరిగి రక్తంలోకి వస్తుంది. కొవ్వులో ఉన్నది సగానికి తగ్గడానికి 2 నుంచి 4 రోజులు పడుతుంది. రక్తంలో మాత్రం తగ్గుదల రెండు దశల్లో ఉంటుంది: మొదట సుమారు 40 నిమిషాలకు సగం చొప్పున వేగంగా పడిపోతుంది, తర్వాత సుమారు 13 గంటలకు సగం చొప్పున నిదానంగా తగ్గుతుంది. ఈ రెండు అంకెలనూ గుర్తుంచుకుంటే మిగిలిన వివరమంతా వాటినుంచే తేలుతుంది.

ఊపిరికీ రక్తానికీ ఉన్న సంబంధం కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. శరీర ఉష్ణోగ్రత దగ్గర స్టైరీన్ గాలిలో ఒక పాలుంటే రక్తంలో దాదాపు 50 పాళ్ళు ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చిన గాలిలో 1 పీపీఎం, అంటే లీటరుకు 4.26 మైక్రోగ్రాములు, కనిపిస్తే రక్తంలో లీటరుకు సుమారు 210 మైక్రోగ్రాములు ఉన్నట్టు లెక్క. రోడ్డు మీద పోలీసులు నోటి దగ్గర పెట్టే యంత్రం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. మద్యం విషయంలో ఆ నిష్పత్తి 2100 అని ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు కనుక, ఊపిరిని కొలిచి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని చెప్పగలుగుతున్నారు. అయితే ఆ యంత్రంలో స్టైరీన్‌ను గుర్తించే ఏర్పాటు లేదు. ప్లాంట్లలో సేఫ్టీ ఆఫీసర్ల చేతిలో ఉండే గాలి మీటరు స్టైరీన్‌కు స్పందిస్తుంది గాని, మరెన్నో ఆవిర్లకు కూడా స్పందిస్తుంది, పైగా ఊపిరిలోని తేమకు తడబడుతుంది. దానిలోకి ఊదించి, వచ్చిన అంకెను ఊపిరి పరీక్ష అని రికార్డులో రాయడం ఎవరికీ మేలు చేయదు.

ఊపిరి పరీక్ష

ఊపిరి పరీక్షకున్న పెద్ద బలం, దాన్ని ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. సూది అవసరం లేదు, నర్సు అవసరం లేదు, పదిహేను నిమిషాలకోసారి తీసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఒక్క అంకె కంటే, వరసగా తీసిన అయిదారు అంకెలు తగ్గుతూ పోయిన తీరు ఎంతో ఎక్కువ చెబుతుంది. మనిషి ఎంతసేపు పీల్చాడు, ఇటీవలేనా, రోజూ పీలుస్తున్నాడా అన్న సంగతులు ఆ వంపులో కనిపిస్తాయి. రక్తంతో ఈ పని చేయించాలంటే ఒక మనిషిని అరడజనుసార్లు గుచ్చాలి.

దీని బలహీనత శాంపిల్ తీసే పద్ధతిలో ఉంది. మామూలుగా వదిలే ఊపిరి అర లీటరు అయితే, అందులో 150 మిల్లీలీటర్లు గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగి తిరిగొచ్చిన బయటిగాలి. అది కలిస్తే ఫలితం అసలుకు మూడింట రెండు వంతుల దగ్గరికి పడిపోతుంది. అందుకే మొదట వచ్చే గాలిని వదిలేసి చివరి భాగాన్ని మాత్రమే పట్టుకోవాలి. ఈ చివరి గాలిని వేరుచేసి పట్టే పద్ధతిని హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లోనే వివరించారు. ఇప్పుడు అదే పనికి చిన్న ప్లాస్టిక్ గొట్టంలాంటి పరికరాలు, లోహపు పూత ఉన్న సంచులు ఉన్నాయి. మనిషిని కూర్చోబెట్టి, రెండు మూడుసార్లు మామూలుగా ఊపిరి పీల్చనిచ్చి, తర్వాత ఓ మోస్తరుగా పీల్చి నిదానంగా, ఇంక రానంతవరకూ ఊదమనాలి. కొందరు బెలూను ఊదినట్టు బుగ్గలు పూరించి ఒక్కసారిగా ఊదేస్తారు. ఆ శాంపిల్‌ను పారేసి మళ్ళీ తీయించడమే మంచిది. దగ్గుతో, ఆయాసంతో ఉన్నవారు, చిన్నపిల్లలు చివరిదాకా ఊదలేరు. స్పృహలో లేనివారి సంగతి చెప్పనక్కర్లేదు.

తీసిన శాంపిల్‌ను దాచడం రెండో ఇబ్బంది. ఒంట్లోంచి వచ్చే గాలి తేమతో నిండి ఉంటుంది, ఏసీ గదిలో సంచి చల్లబడగానే లోపలి గోడల మీద నీటి బొట్లు పేరుకుంటాయి. స్టైరీన్ కొంత ఆ గోడలకే అంటుకుంటుంది, కొంత సంచి పొరలోంచి జారిపోతుంది. వీలైనంత త్వరగా, అదే రోజున, ఆ గాలిని, ఆవిర్లను పీల్చిపట్టుకునే టెనాక్స్ అనే పొడి నింపిన లోహపు గొట్టంలోకి లాగి బిరడా బిగించాలి. ప్రయోగశాలలో ఆ గొట్టాన్ని వేడిచేసి, వెలువడిన ఆవిరిని రసాయనాలను వేరుచేసి గుర్తించే జీసీ-ఎంఎస్ యంత్రానికి పంపుతారు. ఊపిరి తీసిన గదిలోని గాలినీ అదే విధంగా, అదే సమయంలో ఒక గొట్టంలోకి తీసి పంపకపోతే, వచ్చిన అంకె మనిషిదో గదిదో చెప్పడం సాధ్యం కాదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు షెడ్డులోనే, పని మధ్యలో ఊపిరి శాంపిల్ తీయడం. పీల్చినదానిలో మూడో వంతుకు పైగా వెంటనే వెనక్కి వస్తుందని ముందే చెప్పుకున్నాం. అందువల్ల పని జరుగుతున్నప్పుడు ఊదిన గాలి ఒంట్లో ఉన్నదాన్ని కాక, ఆ క్షణంలో ముక్కు ముందున్న గాలిని చూపిస్తుంది. శుభ్రమైన గాలి ఉన్న చోటికి తీసుకువెళ్ళి, కొన్ని నిమిషాలు ఆగాకే మొదలుపెట్టాలి. ఆగిన నిమిషాలను రాసుకోవాలి కూడా, ఎందుకంటే 40 నిమిషాలకు సగమయ్యే దశలో పది నిమిషాల తేడా అంకెను గణనీయంగా మారుస్తుంది.

రక్తపరీక్ష

రక్తంలో స్టైరీన్ ఊపిరిలో కంటే 50 రెట్లు చిక్కగా ఉంటుంది కనుక, చాలా తక్కువ మోతాదును కూడా పట్టుకోవచ్చు. మంచి ప్రయోగశాల లీటరుకు మైక్రోగ్రాములో కొన్ని వందో వంతుల దాకా వెళ్ళగలదు. రోగి సహకారం అవసరం లేదు, కనుక స్పృహలో లేనివారికీ చేయవచ్చు. కోర్టులో, నష్టపరిహారపు కేసులో నిలబడే సాక్ష్యం కావాలంటే, ట్యూబు మీద పేరు, సమయం, సీలు ఉన్న రక్తపు శాంపిల్‌కు ఉండే బరువు ఊపిరి గొట్టానికి ఉండదు. ఆరోగ్యం మీద ప్రభావాన్ని అంచనా వేసే లెక్కలు కూడా ఎక్కువగా రక్తంలోని స్థాయి చుట్టూనే తిరుగుతాయి. గాలిలో స్టైరీన్ ఎంత ఉంటే రక్తంలో ఎంత ఉంటుందో ఎలుకలకూ మనుషులకూ కలిపి లెక్కకట్టే నమూనాను రామ్సే, ఆండర్సన్ 1984లో ప్రచురించారు. అందులోంచి తేలిన ఒక ముఖ్య విషయం ఉంది. గాలిలో సుమారు 200 పీపీఎం దాటాక కాలేయం మార్చగలిగే శక్తి నిండుకుంటుంది, ఆపైన గాలిలో కాస్త పెరిగినా రక్తంలో అంతకు మించి పెరుగుతుంది. ట్యాంకు ప్రమాదంలాంటి భారీ మోతాదుల్లో, తొలి గంటల్లో, మూత్రంలోని ఆమ్లాల కంటే రక్తమే నిజాన్ని దగ్గరగా చెబుతుందనడానికి ఇదే ఆధారం.

అయితే మామూలు ల్యాబులో తీసే పద్ధతిలో ఈ రక్తం తీస్తే ఫలితం పాడవుతుంది. దీనికి వాడేది షుగర్ పరీక్షకు వాడే బూడిద రంగు మూత ట్యూబులాంటిదే, అందులో ఫ్లోరైడ్, ఆక్సలేట్ ఉంటాయి. కాని దాని రబ్బరు మూతలోంచే కొన్ని ఆవిర్లు రక్తంలోకి దిగుతాయి కనుక, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రయోగశాల ఆ ట్యూబులను ముందుగా ప్రత్యేకంగా శుద్ధిచేసి పంపేది. ట్యూబును పూర్తిగా నింపాలి, పైన ఖాళీ మిగిలితే స్టైరీన్ ఆ ఖాళీలోకి లేచిపోతుంది. గట్టిగా ఊపకూడదు, మూత తీసి మరో ట్యూబులోకి ఒంపకూడదు, ఫ్రిజ్‌లో పెట్టాలి గాని ఫ్రీజరులో పెట్టి మంచులా గడ్డకట్టించకూడదు. చర్మం తుడవడానికి వాడే స్పిరిట్ దూదిని కూడా చాలామంది విశ్లేషకులు వద్దంటారు. పంపే పెట్టె గురించి కూడా ఆలోచించాలి: మన దగ్గర శాంపిళ్ళు ఐసు ముక్కలతో థర్మోకోల్ పెట్టెలో ప్రయాణం చేస్తాయి, ఆ థర్మోకోల్ పాలీస్టైరీనే. దాన్లోంచి వచ్చే స్టైరీన్ జాడ చాలా స్వల్పమే కావచ్చు, కాని వెతుకుతున్నది కూడా స్వల్పమైన జాడలే అయినప్పుడు ఆ పెట్టెలో రక్తానికి బదులు శుభ్రమైన నీళ్ళు నింపిన ట్యూబు ఒకటి పోల్చిచూడటానికి తోడుగా వెళ్ళి తీరాలి.

మరొక సూక్ష్మం రెజిన్ పనివాళ్ళకు సంబంధించినది. చేతికి రెజిన్ అంటినప్పుడు చర్మంలోంచి కొద్దిగా స్టైరీన్ లోపలికి దిగుతుంది. మొత్తం శరీరం లెక్కలో అది చిన్నదే. కాని ఆ చేతినుంచే రక్తం తీస్తే, ఆ చేతి సిరలో అప్పుడే చేరిన స్టైరీన్ వల్ల ఫలితం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. షెడ్డులోంచి వచ్చిన మనిషిని ముందు చేతులు సబ్బుతో కడుక్కోనిచ్చి, బ్రష్షు పట్టని చేతినుంచి తీయాలి.

ప్రయోగశాలలో ఈ రక్తాన్ని బిగించిన సీసాలో వెచ్చబెట్టి, పైకి లేచిన గాలిని యంత్రానికి పంపుతారు. అంటే ఊపిరితిత్తి చేసే పనినే సీసాలో మళ్ళీ చేయిస్తారన్నమాట. ఈ పద్ధతి తెలిసిన ప్రయోగశాలలు తక్కువ. వీధి చివర డయాగ్నస్టిక్ సెంటరులో “రక్తంలో విషవాయువు” అని అడిగితే కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేసి పంపడమే ఎక్కువగా జరుగుతుంది. అవి అవసరమైన పరీక్షలే గాని స్టైరీన్‌ను కొలవవు.

మూత్రాన్ని తక్కువగా చూడవద్దు

రోజూ రెజిన్‌తో పనిచేసేవారికి నేను మొదట సూచించేది మూత్రపరీక్షనే. పీల్చినదానిలో అత్యధిక భాగం చివరికి మాండెలిక్, ఫీనైల్ గ్లయాక్సిలిక్ ఆమ్లాలుగా అక్కడికే చేరుతుంది కనుక, ఆ రెంటినీ కలిపి కొలిస్తే షిఫ్టు మొత్తం మీద ఒంట్లోకి వెళ్ళినదాని సగటు చిత్రం వస్తుంది. మాండెలిక్ ఆమ్లం మొదట సుమారు 4 గంటలకు, తర్వాత సుమారు 25 గంటలకు సగం చొప్పున తగ్గుతుంది. అందువల్ల శాంపిల్ తీయడంలో అరగంట ఆలస్యమైనా కొంప మునగదు. పనిచేసే చోట రసాయనాలకు హద్దులు సూచించే అమెరికాలోని ఏసీజీఐహెచ్ సంస్థ చాలాకాలం పాటించిన హద్దు, షిఫ్టు ముగిసినప్పుడు తీసిన మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు (మూత్రం పలచనో చిక్కనో లెక్కలోకి తీసుకోవడానికి కొలిచే, మూత్రంలో మామూలుగా ఉండే పదార్థం) ఈ రెండు ఆమ్లాలూ కలిపి 400 మిల్లీగ్రాములు. ఈ హద్దులు కాలక్రమంలో కిందికే దిగుతున్నాయి కనుక, పోల్చేముందు ఆ సంవత్సరపు జాబితా చూసుకోవాలి.

చిక్కులు ఇక్కడా ఉన్నాయి. పెయింట్లలో, థిన్నరులో ఉండే ఇథైల్ బెంజీన్ కూడా ఇవే రెండు ఆమ్లాలుగా మారుతుంది, కనుక పెయింటింగ్ కూడా చేసే కార్మికుడి ఫలితాన్ని స్టైరీన్ ఖాతాలో పూర్తిగా వేయలేం. పనికి ముందో మధ్యలోనో మద్యం తాగితే కాలేయం ఆ పనిలో పడి స్టైరీన్‌ను మార్చడం వాయిదా వేస్తుంది, అప్పుడు మూత్రంలో ఆమ్లాలు తక్కువగా, ఆలస్యంగా కనిపిస్తాయి. అదే మనిషి రక్తంలోనూ ఊపిరిలోనూ స్టైరీన్ ఎక్కువగా ఉండవచ్చు. ఫీనైల్ గ్లయాక్సిలిక్ ఆమ్లం గది వేడిమికి చెడిపోతుంది కనుక శాంపిల్‌ను గడ్డకట్టించి పంపాలి. రక్తాన్ని గడ్డకట్టించవద్దు, మూత్రాన్ని గడ్డకట్టించండి అని ఒకే ఐసు పెట్టె పంపే మనిషికి రెండు రకాలుగా చెప్పవలసి రావడం ఈ పనిలో తరచు ఎదురయ్యే గందరగోళం.

గంటలను బట్టి ఎంపిక

ప్రమాదం జరిగి ఒకటి రెండు గంటలలోపు అయితే రక్తం తీయాలి, వీలైతే తోడుగా ఊపిరి కూడా. ఈ దశలో రక్తంలోని అంకె వేగంగా పడిపోతూ ఉంటుంది కనుక, గంట ఆలస్యంగా తీసిన శాంపిల్ మొదటి స్థాయిలో సగాన్ని కూడా చూపకపోవచ్చు. ఆసుపత్రికి వచ్చినవారికి ఎలాగూ చేతికి సెలైన్ పెడతారు కనుక, అప్పుడే అదనంగా ఒక ట్యూబు తీసి, సమయం రాసి ఫ్రిజ్‌లో పెట్టడం కష్టమేమీ కాదు. ఎక్కడ పరీక్ష చేయించాలన్నది తర్వాత తేల్చుకోవచ్చు, తీయని శాంపిల్‌ను మాత్రం తర్వాత తీయలేం. ఒక మాట ఇక్కడ స్పష్టంగా చెప్పాలి: స్టైరీన్‌కు ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, కళ్ళు కడగడం, బట్టలు మార్చడం, ఊపిరితిత్తులను కనిపెట్టి ఉండటమే వైద్యం, ఏ పరీక్ష ఫలితమూ దాన్ని మార్చదు. శాంపిల్ కోసం చికిత్సను ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. పరీక్ష ఉపయోగపడేది రికార్డుకు, పరిహారానికి, ఎవరిని ఎంతకాలం గమనిస్తూ ఉండాలో తేల్చుకోవడానికి.

అదే రోజు సాయంత్రం నుంచి మర్నాటిదాకా అయితే మూత్రమే మొదటి ఎంపిక. పిల్లల విషయంలో మరీను, ఎందుకంటే వాళ్ళచేత సరిగ్గా ఊదించడమూ కష్టం, ఎక్కువసార్లు రక్తం తీయడమూ తగదు. ఒక ఊరినుంచి వందలమందిని పరీక్షించవలసి వచ్చినప్పుడు కూడా మూత్రం సీసాలు పంచడం సాధ్యమవుతుంది గాని, వందలమందికి ఊపిరి గొట్టాలు, శుద్ధిచేసిన రక్తపు ట్యూబులు సమకూర్చడం సాధ్యం కాదు.

మూడు రోజులు దాటితే లెక్క వేసి చూడండి. నిదానంగా తగ్గే దశలో 13 గంటలకు సగం చొప్పున 72 గంటల్లో మిగిలేది ఆ దశ మొదట్లో ఉన్నదానిలో 2 శాతం మాత్రమే. ఒక్కసారే పీల్చినవారిలో ఆ తర్వాత వచ్చే “ఏమీ కనబడలేదు” అన్న ఫలితానికి అర్థం, అతను పీల్చలేదని కాదు. వారం తర్వాత డబ్బు పోసి రక్తంలో స్టైరీన్ చూడమని అడిగేవారికి నేనైతే వద్దనే చెబుతాను. ఆ దశలో మిగిలే జాడ ఒక్కటే. స్టైరీన్ ఆక్సైడ్ హిమోగ్లోబిన్‌కు అతుక్కున్న భాగం, ఎర్ర రక్తకణం బతికే 120 రోజుల వరకూ క్రమంగా తగ్గుతూ ఉంటుంది. కాని దాన్ని కొలిచేది పరిశోధనశాలల్లోనే, అదీ స్వల్ప మోతాదుల్లో స్పష్టంగా తేలదు. అప్పుడు డబ్బును ఊపిరితిత్తుల పనితీరు పరీక్షకు, కంటి పరీక్షకు, నరాల వైద్యుడికి చూపించడానికి వెచ్చించడం మేలు.

రోజూ పనిచేసే కార్మికుడి విషయంలో రెండు వేళలు ముఖ్యం. షిఫ్టు చివర తీసిన మూత్రం ఆ రోజు సంగతి చెబుతుంది. మర్నాడు పని మొదలవకముందు, షెడ్డులో అడుగుపెట్టకముందే తీసిన ఊపిరి లేదా రక్తం, కొవ్వులో పేరుకుని రాత్రంతా నెమ్మదిగా బయటికి వస్తున్నదాన్ని చూపిస్తుంది. సోమవారం ఉదయపు అంకె కంటే శుక్రవారం ఉదయపు అంకె బాగా ఎక్కువగా ఉంటే, పేరుకుంటున్నది రాత్రికి రాత్రి పోవడం లేదని అర్థం. ఊపిరి పరీక్షకు రక్తం కంటే నేను ఎక్కువ మార్కులు వేసేది ఈ ఒక్క సందర్భంలోనే: మనుషులు కొద్దిమంది, వేళ చెప్పినట్టు వస్తారు, నెలనెలా గుచ్చకుండా గమనించవచ్చు.

రసాయనం మారితే జవాబూ మారుతుంది

డ్రైక్లీనింగ్‌లో వాడే టెట్రాక్లోరోఇథిలీన్ స్టైరీన్‌కు పూర్తిగా వ్యతిరేకం. కాలేయం దాన్ని కొద్ది శాతమే మార్చగలుగుతుంది, మిగిలినదంతా మారకుండా ఊపిరి దారినే, రోజుల తరబడి బయటికి పోతుంది. కనుక అక్కడ మూత్రం చివరి ఎంపిక, ఊపిరి మొదటి ఎంపిక. ఏసీజీఐహెచ్ కూడా షిఫ్టుకు ముందు తీసిన ఊపిరిలో 3 పీపీఎం, రక్తంలో లీటరుకు 0.5 మిల్లీగ్రాములు అని రెంటికీ హద్దులు పెట్టింది.

కార్బన్ మోనాక్సైడ్‌కు వేరే లెక్క. మూసిన గదిలో కుంపటి, బాత్రూములో గ్యాస్ గీజరు వల్ల జరిగే మరణాలకు కారణమయ్యే ఈ వాయువు రక్తంలో కరిగి ఉండదు, హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఉంటుంది. మామూలు గాలిలో ఇది సగానికి తగ్గడానికి 4 నుంచి 6 గంటలు, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట నుంచి గంటన్నర పడుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో రక్తవాయువులను కొలిచే యంత్రంలో, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను విడిగా కొలిచే కో-ఆక్సిమీటరు ఉంటే కొన్ని నిమిషాల్లో ఫలితం వస్తుంది. అదే నమ్మదగినది. ఊపిరిలో కొలిచే చేతి మీటరు ఒకేసారి చాలామందిని వడపోయడానికి బాగా పనికివస్తుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరును మాత్రం నమ్మకూడదు, అది కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కేసి 98 శాతం అని చూపిస్తుంది.

పెట్రోలు బంకుల్లో ప్రశ్న బెంజీన్. బీఎస్-6 పెట్రోలులో అది ఘనపరిమాణంలో 1 శాతానికి మించకూడదన్నది నియమం. అక్కడ కొలతను తప్పుదారి పట్టించేది సిగరెట్టు పొగ. 1980లలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తరఫున లాన్స్ వాలెస్ బృందం ఇళ్ళలోని మనుషుల ఊపిరిని కొలిచినప్పుడు, పొగతాగేవారి ఊపిరిలో బెంజీన్ ఇతరుల కంటే అనేక రెట్లు ఎక్కువగా కనిపించింది, స్టైరీన్ కూడా వారిలో ఎక్కువే. కనుక చివరి సిగరెట్టు ఎప్పుడు కాల్చారన్న ప్రశ్న వేయకుండా తీసిన ఏ శాంపిల్‌కూ విలువ లేదు.

క్లోరిన్, అమ్మోనియా, భోపాల్‌లో 1984 డిసెంబరులో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్‌లాంటివి తగిలిన చోటే తడితో, కణజాలంతో చర్య జరిపి రూపు మార్చుకుంటాయి. వాటిని వాటి రూపంలో ఊపిరిలో గాని రక్తంలో గాని వెతకడం వృథా. అక్కడ కొలవవలసింది ఊపిరితిత్తులకు జరిగిన హాని.

నివేదిక చేతికొచ్చాక

అంకెకు ముందు సమయం చూడాలి. శాంపిల్ తీసిన గంట, ఆ గాలిలోంచి బయటికి వచ్చిన గంట రెండూ లేని నివేదికను ఏ హద్దుతోనూ పోల్చలేం. తర్వాత కొలమానం చూడాలి: రక్తంలో లీటరుకు మైక్రోగ్రాములా, మిల్లీగ్రాములా అన్నచోట పొరబడితే వెయ్యిరెట్ల తేడా వస్తుంది. గది గాలిది, తోడుగా పంపిన నీళ్ళ ట్యూబుది ఫలితాలు నివేదికలో విడిగా ఉన్నాయో లేదో అడగాలి. మూత్రం మరీ పలచగా గాని చిక్కగా గాని ఉంటే, అంటే క్రియాటినిన్ లీటరుకు 0.3 గ్రాముల కంటే తక్కువో 3 గ్రాముల కంటే ఎక్కువో అయితే, ఆ శాంపిల్‌ను పక్కనపెట్టి మరొకటి తీయించాలి.

పైన చెప్పిన హద్దులన్నీ రోజుకు 8 గంటలు పనిచేసే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకోసం పెట్టినవి. నిద్రలో ఉండగా ఒక్కసారి భారీగా పీల్చిన ఊరివాళ్ళకు, గర్భిణులకు, పసిపిల్లలకు వాటిని అన్వయించి “హద్దులోనే ఉంది, భయం లేదు” అని రాసిచ్చే నివేదికను వైద్యుడు ఒప్పుకోకూడదు. అలాగే హద్దు దాటినంత మాత్రాన జబ్బు వచ్చినట్టు కాదు, ఆ షెడ్డులో గాలి బయటికి పోయే ఏర్పాటును, మాస్కులను వెంటనే సరిచేయాలని దాని అర్థం. సరిచేసిన రెండు మూడు వారాల తర్వాత అదే కార్మికులకు, వారంలో అదే రోజున, అదే వేళకు, మొదట వాడిన పరీక్షతోనే మళ్ళీ కొలిస్తే చేసిన మార్పు పనిచేసిందో లేదో తెలుస్తుంది.